ఆలోచనలవారి గుడ్డబొమ్మ

కందిలంకలో ఆలోచనలవారి ఇల్లెక్కడని ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే ముందు కాసేపు నవ్వి, ఆ తర్వాత చెబుతారు. ఆ నవ్వు తమ తెలివి మీద గౌరవం కొద్దీ వచ్చేదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. "మన పేరు వింటేనే జనం మొహాలు ఎలా విప్పారుతాయో చూశావా," అని గవర్రాజు తన భార్య మాణిక్యంతో అనేవాడు. మాణిక్యం చూసేది. నిజంగానే విప్పారేవి.

వాళ్ళది అల్లాటప్పా తెలివి కాదు. ఎదుటివాళ్ళు ఏది చెబితే అదే చేస్తారు. ఒక పిసరు ఎక్కువ చెయ్యరు, ఒక పిసరు తగ్గించరు. "ఊళ్ళో అందరూ విన్నది ఒకటైతే చేసేది ఇంకొకటి. అందుకే ఇలా తగలడ్డారు," అని గవర్రాజు ఊరి మీద జాలిపడేవాడు. ఇంట్లో ఉన్నది నలుగురు. గవర్రాజు, మాణిక్యం, వాళ్ళ కొడుకు దొరబాబు, గవర్రాజు తమ్ముడు తమ్మియ్య. నలుగురిలో ఎవరికి తెలివి ఎక్కువో తేలక భోజనాల దగ్గర అప్పుడప్పుడు గొడవ కూడా అయ్యేది.

ఇంత తెలివీ ఉండి మాణిక్యానికి ఒక్కటే దిగులు. దొరబాబుకి ముప్పై దగ్గర పడుతున్నా పెళ్ళి కుదరడం లేదు. మొదటి సంబంధం చూడ్డానికి బయల్దేరి బస్టాండుకి వెళ్తే, బస్సు తలుపు మీద 'ముందు దిగేవారికి దారి ఇవ్వండి' అని రాసి ఉంది. దిగేవాళ్ళు ఒక్కరూ లేరు. ముందు దిగాల్సినవాళ్ళు దిగందే వెనక ఎక్కాల్సినవాళ్ళు ఎలా ఎక్కుతారు? మూడు బస్సులు అలాగే వెళ్ళిపోయాయి. రెండో సంబంధం వాళ్ళు మర్యాదగా, "మొహమాటపడకండి, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు. గవర్రాజు అనుకున్నాడు. అనుకుని, "అయితే మీరెప్పుడు ఖాళీ చేస్తారు?" అని అడిగాడు. అంతే, ఆ సంబంధమూ పోయింది.

మాణిక్యానికి కోడలు కావాలి. నగలు దిగేసుకుని వచ్చే కోడలు కాదు. వంటింట్లో పక్కన నిలబడి, "అత్తయ్యా, ఉప్పు సరిపోయిందా చూడండి," అని అడిగే కోడలు. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలనుకునేది. ముగ్గురు మగాళ్ళ మధ్య ఉప్పు గురించి మాట్లాడే దిక్కు లేక ఆవిడకి ఒక్కోసారి ఏడుపొచ్చేది.

ఒక గురువారం పొద్దున్నే, సంబంధాలు కుదిర్చే అచ్చాయమ్మ వగరుస్తూ వచ్చింది.

"మాణిక్యం, మునగపాలెం సంబంధం. పిల్ల పేరు హేమలత. తండ్రి సోంబాబుకి షామియానాల కొట్టుంది, పెళ్ళి మండపాలు అలంకరిస్తాడు. సాయంత్రం నాలుగింటికి తండ్రీ కూతుళ్ళు మీ ఇల్లు చూడ్డానికి వస్తున్నారు." ఆవిడ గోడలకేసి చూసి మొహం చిట్లించింది. "ఆయనకి కళ్ళన్నీ అలంకరణ మీదే ఉంటాయి. మీ ఇల్లు చూస్తే బోసిగా ఉంది. ఇదిగో, వారపత్రికలో ఆడవాళ్ళ పేజీ. పాత బట్టలతో, కుట్టకుండా, అలంకారం బొమ్మ చెయ్యడం ఎలాగో రాశారు. ఇందులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా చెయ్యండి. మీ సొంత తెలివి మాత్రం వాడకండి."

"ఆయ్, ఉన్న తెలివంతా సాయంత్రం దాకా దాచేస్తామండి," అంది మాణిక్యం.

అచ్చాయమ్మ అటు వెళ్ళిందో లేదో గవర్రాజు కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. "ఒకటి. ఇంట్లో ఉన్న పాత బట్టలన్నీ ఒకచోట పొయ్యండి."

తమ్మియ్య బుర్ర గోక్కున్నాడు. "పాతవంటే ఎంత పాతవన్నయ్యా?"

"ఈరోజు కొన్నవి కొత్తవి. ఈరోజు కొననివన్నీ పాతవి," అన్నాడు గవర్రాజు తడుముకోకుండా.

"మరి దొరబాబుకి నిన్న కొన్న చొక్కా?"

"నిన్న అయిపోయిందా లేదా? అయిపోయినదానికన్నా పాతది ఇంకేముంటుందిరా?"

ఆ మాటకి మాణిక్యం మొగుడికేసి మురిపెంగా చూసింది. ఇంకేముంది, పెట్టెలు, బీరువా, దండేలు అన్నీ ఖాళీ అయ్యాయి. పంచెలు, చొక్కాలు, దుప్పట్లు, తువ్వాళ్ళు నడవలో గుట్టపడ్డాయి. మాణిక్యం తన పెళ్ళి పట్టుచీరని ఒక్క క్షణం చెంపకి ఆనించుకుంది. దాని మడతల్లో ఇంకా కర్పూరం వాసన ఉంది. కొడుకు పెళ్ళికన్నా చీర ఎక్కువా అనుకుని దాన్నీ గుట్టలో వేసింది.

"ఏవండీ, మరి ఒంటి మీదవో?" అంది తర్వాత.

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. అవీ ఈరోజు కొన్నవి కావు. అంతే, ఎవరి గదిలో వాళ్ళు తలుపులు వేసుకున్నారు. మగాళ్ళు ముగ్గురూ తలో ఈతచాప చంకల దాకా చుట్టుకుని తాళ్ళతో బిగించుకుని వచ్చారు. మాణిక్యం ధాన్యం ఎండబోసే నీలం బరకాన్ని కుచ్చిళ్ళు పోసి, పైట వేసి మరీ కట్టుకుంది. అడుగేస్తే బరబరమంటోంది. "పట్టుకన్నా ఇదే ఎక్కువ చప్పుడు చేస్తోందండి," అని సంతోషపడింది.

"రెండు. ఈ పనిలో సూది ముట్టుకోకూడదు. కుట్టన్నది ఎక్కడా కనబడకూడదు."

కత్తెర ఒకరు, బ్లేడు ఒకరు అందుకున్నారు. చొక్కాల కుట్లు విప్పారు, లంగాల కుట్లు విప్పారు. అక్కడితో ఆగితే తెలివితక్కువవాళ్ళమవుతామని పరుపుల కుట్లు కూడా విప్పారు. దూదంతా ఇల్లు పట్టుకుని ఎగిరింది. గొడుగు కుట్లు విప్పితే ఊచలు మిగిలాయి. చెప్పుల కుట్లు విప్పితే పైవి పైకి, కిందవి కిందికి పోయాయి. బియ్యం బస్తా మూతి కుట్టు విప్పేసరికి బియ్యం నడవంతా జలజలా పరుచుకుంది. "ఇప్పుడు ఇల్లు ఇల్లంతా ఎంత బాగుందో. ఎక్కడా ఒక్క కుట్టు లేదు," అన్నాడు గవర్రాజు, బియ్యం మీద కాలు జారి కింద కూర్చుంటూ.

"ఉందన్నయ్యా," అన్నాడు తమ్మియ్య నీరసంగా. అతను పోయిన వారం సైకిలు మీంచి పడితే మోకాలికి ఆరు కుట్లు వేశారు. అన్నా వదినా బ్లేడు పట్టుకుని ఆ మోకాలికేసి చూశారు. తమ్మియ్యకి చెమటలు పోశాయి. "వదినా, కాగితంలో కనబడకూడదన్నారు గానీ విప్పమన్నారా?"

గవర్రాజు మళ్ళీ చదివాడు. నిజమే, విప్పమనలేదు. "అయితే కనబడకుండా అటకెక్కి కూర్చో," అన్నాడు. తమ్మియ్య చాపతో సహా అటకెక్కాడు.

మూడోది పేలికలు కత్తిరించడం. రెండు వేళ్ళ వెడల్పు అని రాశారు గానీ ఎవరి వేళ్ళో రాయలేదు. గవర్రాజు వేళ్ళు అరటిపళ్ళలా ఉంటాయి, మాణిక్యం వేళ్ళు సన్నం. పత్రికలో రాసినావిడ వేళ్ళు ఎలా ఉంటాయో ఎవరికీ తెలియదు. చివరికి ఎవరి బట్టలు వాళ్ళ వేళ్ళతో కొలిచి కత్తిరించారు. మధ్యాహ్నానికి ఆ ఇంట్లో జేబురుమాలంత బట్ట కూడా మిగల్లేదు.

"నాలుగు. మూడేసి పేలికలు తీసుకుని, జడ అల్లినట్టు అల్లండి."

మాణిక్యం పేలికలు చేతిలో పట్టుకుని ఆలోచనలో పడింది. చిన్నప్పట్నుంచీ ఎన్ని జడలు అల్లిందో లెక్కే లేదు. అన్నీ తల ఉన్న జడలే. "తల లేకుండా జడ ఎక్కడైనా ఉంటుందాండి? ముందు ఒక తల కావాలి," అంది. గవర్రాజుది బట్టతల. అటక మీది తలని కిందికి దించకూడదు. ఇంకేముంది, దొరబాబుని పీట మీద కూర్చోబెట్టి, అతని జుట్టుకి పేలికలు ముడివేసి అల్లడం మొదలుపెట్టింది. చిక్కుపడకుండా ముందు గిన్నెడు కొబ్బరినూనె పట్టించింది. రెండు గంటల్లో దొరబాబు తలకి మూరలు మూరలుగా ఎనిమిది జడలు వేలాడాయి. ఒక్కోటీ వీధి గుమ్మం దాకా వెళ్ళింది.

"బరువుగా ఉందమ్మా," అన్నాడు దొరబాబు.

"పెళ్ళంటే మాటలా నాన్నా," అంది మాణిక్యం.

"అయిదు. మధ్యలో గట్టిగా నిలబడేది ఏదైనా పెట్టి, దాని చుట్టూ ఈ జడని వదులు లేకుండా చుట్టండి." గవర్రాజు చదవడం ఆపి ఇల్లంతా కలయజూశాడు. రోకలిని నిలబెడితే పడిపోయింది. చీపురు వంగిపోయింది. చాప బిగించుకున్న దొరబాబు మాత్రం స్తంభంలా నిలబడి ఉన్నాడు. పైగా జడలు అతని తలకే ఉన్నాయి, వేరేచోటికి తీసుకెళ్ళే పనే లేదు.

అంతే, మొగుడూ పెళ్ళాం చెరో జడా పట్టుకుని అతని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మొదట కాళ్ళు మాయమయ్యాయి. తర్వాత నడుము, భుజాలు, మెడ. మొహం దగ్గరికి వచ్చేసరికి మాణిక్యం చెయ్యి ఆగింది. కాగితంలో సందు వదలమని లేదు. అయినా తల్లి మనసు ఒప్పుకోలేదు, మొగుడు చూడకుండా ముక్కు దగ్గర వేలెడు సందు వదిలింది. ఆ ఇంట్లో ఎవరైనా చెప్పనిది చెయ్యడం అదే మొదలు.

ఆరోది జిగురు పూయడం. మైదాపిండి ఉడికించి పూస్తే, జుట్టు నుంచి జడలకి దిగిన నూనె మీద అది నిలవలేదు, జారిపోయింది. 'అంటకపోతే జిగురుగా ఉండేది ఏదైనా మరికాస్త పూయండి' అని రాసి ఉంది. మైదా అయిపోయాక గంజి పూశారు. గంజి అయిపోయాక బెల్లం పాకం పట్టి పోశారు. పాకం నిలిచింది. దాని మీద విప్పిన చొక్కాల గుండీలు, మాణిక్యం గాజు ముక్కలు, పూసలు, దొరబాబు గడ్డం గీసుకునే అద్దం అతికించారు. ఎగురుతున్న దూది దానంతటదే వచ్చి అక్కడక్కడా అంటుకుంది.

"ఆఖరుది. ఇరవై నాలుగు గంటలు ఆరనివ్వండి. ఆరేదాకా కదపకండి," అని చదివి గవర్రాజు కాగితం మడిచాడు.

"విన్నావుగా నాన్నా, ఆరేదాకా కదలకు, నోరు మెదపకు," అని మాణిక్యం సందులోకి చెప్పింది. దూరంగా వెళ్ళి చూసింది. ఎరుపు, పసుపు, నీలం, పెళ్ళి చీర జరీ, అన్నీ వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. ఆ ఇంట్లో అంత అందమైన వస్తువు ఎప్పుడూ లేదు. తన చేతుల్తో చేసిందంటే ఆవిడకే నమ్మబుద్ధి కాలేదు.

నాలుగింటికి ఆటో ఆగింది. ముందు లోపలికి వచ్చిన అచ్చాయమ్మ, చాపలో గవర్రాజునీ బరకంలో మాణిక్యాన్నీ చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఏంటే ఈ వేషాలు?" అంది పళ్ళ బిగువున.

"కాగితంలో ఉన్నట్టేనండి. అక్షరం పొల్లుపోలేదు."

"అబ్బాయేడి?"

"లోపలున్నాడండి. ఆరుతున్నాడు."

తలంటు పోసుకున్నాడు కాబోలు అనుకుని అచ్చాయమ్మ ఊరుకుంది. ఇంతలో సోంబాబు, హేమలత బియ్యం తొక్కుకుంటూ లోపలికి వచ్చారు. సోంబాబు చాపలూ చూడలేదు, బరకమూ చూడలేదు. ఆయన కళ్ళు తిన్నగా బొమ్మ మీద పడ్డాయి.

"ముప్పై ఏళ్ళ నుంచి మండపాలు కడుతున్నాను బావగారూ, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు," అని దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వేలితో తట్టి చూశాడు. బొమ్మ తుమ్మింది.

"చిరంజీవ," అంది మాణిక్యం అలవాటు కొద్దీ.

"ఎవరండీ తుమ్మింది?" అన్నాడు సోంబాబు.

"నేను కాదండి," అన్నాడు తమ్మియ్య అటక మీంచి.

సోంబాబు తలెత్తి చూశాడు. "పైనెవరండీ?"

"మా తమ్ముడండి. వాడి కుట్లు కనబడకూడదు," అన్నాడు గవర్రాజు. సోంబాబు మర్యాదస్తుడు, ఇంకేమీ అడగలేదు.

హేమలత బొమ్మ మీదున్న అద్దంలో జుట్టు సర్దుకుంది. సర్దుకుంటూ పైకి చూసింది. ముక్కు దగ్గర సందు కనబడింది. మునివేళ్ళ మీద లేచి, అందులోకి చూసి, నెమ్మదిగా ఏదో అడిగింది. లోపల్నుంచి 'ఊఁ' అని చిన్న చప్పుడు వచ్చింది. ఇంకేదో అడిగింది. మళ్ళీ 'ఊఁ'. ఆ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరేలా నవ్వింది.

ఆ నవ్వు చూసి మాణిక్యానికి కడుపు నిండిపోయింది. ఉప్పు సరిపోయిందా అని అడిగే పిల్ల ఈ పిల్లే అనుకుంది. ఈ సంబంధం పోతే ఇక తట్టుకోలేననుకుంది.

"నాన్నా, నాకు ఈ బొమ్మ కావాలి," అంది హేమలత.

సోంబాబు నసిగాడు. "చెల్లెమ్మా, మొదటిసారి వచ్చి అడగకూడదు. కానీ మా పిల్ల ముచ్చటపడుతోంది. మండపం ముందు పెట్టుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఇస్తారా?"

అచ్చాయమ్మ బరకం మీంచే మాణిక్యం నడుం గిల్లింది. "ఇచ్చెయ్యి. లేదన్నావంటే ఈ సంబంధం కూడా పోయినట్టే," అంది చెవిలో.

మాణిక్యం లెక్క వేసుకుంది. ఇవ్వనంటే దొరబాబుకి పెళ్ళి కాదు. దొరబాబుకి పెళ్ళి కావాలంటే దొరబాబుని ఇచ్చెయ్యాలి. ఎటు నుంచి ఆలోచించినా లెక్క సరిగ్గానే ఉంది. కొడుకు పెళ్ళి కోసం ఏ తల్లయినా ఏదైనా ఇస్తుంది. "తీసుకెళ్ళండన్నయ్యగారూ," అంది.

"ఆరేదాకా కదపకూడదండి," అన్నాడు గవర్రాజు.

"పసిపిల్లని మోసినట్టు మోసుకెళ్తాం," అన్నాడు సోంబాబు. తలవైపు ఆయనా ఆటోవాడూ, కాళ్ళవైపు గవర్రాజూ మాణిక్యం పట్టుకుని బొమ్మని ఆటోలోకి ఎక్కించారు. అది నిలువునా పట్టక అడ్డంగా పడుకోబెడితే, అటు కాళ్ళు, ఇటు తల బయటికి వచ్చాయి. హేమలత ఆ తల దగ్గర ఒదిగి కూర్చుని, దారిలో దుమ్ము పడకుండా సందుకి చున్నీ అడ్డం పెట్టింది.

"అన్నట్టు అబ్బాయిని చూడనే లేదు," అన్నాడు సోంబాబు.

"మీ వెంటే పంపిస్తున్నామండి," అంది మాణిక్యం.

"తొందరేం లేదు, నిదానంగా పంపండి," అన్నాడాయన. ఆటో వెళ్ళిపోయింది.

రాత్రి మాణిక్యం అలవాటుగా నాలుగు కంచాలు పెట్టింది. నాలుగో కంచంలో అన్నం వడ్డించాక గాని గుర్తు రాలేదు. అప్పుడు కొంగు కళ్ళకి అద్దుకుంది. బరకం కొంగు కన్నీళ్ళు పీల్చదు, అవి జారి గవర్రాజు కంచంలో పడ్డాయి. "ఉప్పు ఎక్కువైందేంటే?" అన్నాడు గవర్రాజు.

మూడో రోజు అచ్చాయమ్మ మళ్ళీ వగరుస్తూ వచ్చింది. ఈలోగా ఇరుగుపొరుగు వాళ్ళు జాలిపడి ఇచ్చిన చీరలు, లుంగీలు ఆ ఇంట్లో నాలుగు పోగయ్యాయి. తమ్మియ్య ఇంకా అటక మీదే ఉన్నాడు. దిగమని ఎవరూ చెప్పలేదు.

"ఒసేయ్ మాణిక్యం, ఆ బొమ్మలో మీ అబ్బాయిని పెట్టి పంపించావా?" అంది అచ్చాయమ్మ, గుమ్మంలోనే కూలబడి.

"ఆయ్, పంపించానండి. మీరేగా ఇచ్చెయ్యమన్నారు."

అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుని అసలు సంగతి చెప్పింది. లోపల మనిషున్నాడని హేమలతకి ఇక్కడే తెలిసిందట. 'మీరేనా దొరబాబు' అని అడిగితే ఊఁ అన్నాడట. 'మాట్లాడొద్దన్నారా' అంటే దానికీ ఊఁ అన్నాడట. మర్నాడు సాయంత్రం దాకా ఆ పిల్లే సందులోంచి గొట్టంతో మజ్జిగ పట్టించిందట. ఇరవై నాలుగు గంటలు పూర్తయ్యాక వేణ్ణీళ్ళు పోసి విప్పితే, దొరబాబు బయటికి వచ్చి సోంబాబుకి నమస్కారం పెట్టి, 'ఆరానండి' అన్నాడట. సోంబాబు కర్ర తీశాడట గానీ, హేమలత అడ్డం నిలబడి, 'చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను, చెప్పిన మాట ఇంతలా వినే మొగుడు నాకెక్కడ దొరుకుతాడు' అందట.

"సోంబాబు ఏమంటాడంటే, వచ్చే నెలలో పెళ్ళి. పిల్లాడు అక్కడే ఉండి కొట్టు చూసుకోవాలి, ఇల్లరికం అన్నమాట. ఇష్టం లేకపోతే వచ్చి అబ్బాయిని తీసుకెళ్ళమన్నాడు," అంది అచ్చాయమ్మ.

గవర్రాజు ఛాతీ పొంగించాడు. "ఒకసారి ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకునే వంశం కాదండి మాది."

మాణిక్యం చేటలో బియ్యం ఏరుతూ లెక్క చూసుకుంది. కొడుకుకి పెళ్ళి కుదిరింది, కోడలు దొరికింది. ఆ కోడలు ఉప్పు సంగతి అడగబోయేది మాత్రం మునగపాలెంలో. అడిగేది ఇంకెవరినో. ఆవిడకి ఒక్కసారిగా దుఃఖం ముంచుకొచ్చి, చేట పక్కన పెట్టి ఏడ్చేసింది.

"మరి నన్ను గురించి ఏమైనా అన్నారాండి? రమ్మన్నారా?" అంది ముక్కు చీదుకుంటూ.

"నీ గురించి ఏమంటారే? ఆ సోంబాబు వేళాకోళానికి మాత్రం ఒక మాటన్నాడు. మండపానికి ఒక బొమ్మ ఏం సరిపోతుంది, ఇటో బొమ్మ అటో బొమ్మ ఉండాలి, జత ఉంటే పంపమనండి అన్నాడు," అని అచ్చాయమ్మ లేచి, ఇంకో సంబంధం పనుందని వెళ్ళిపోయింది.

మాణిక్యం ఏడుపు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. రమ్మనలేదు గానీ పంపమన్నారు. ఆవిడ మొహం మెల్లగా విప్పారింది. ఇరుగుపొరుగు ఇచ్చిన బట్టలన్నీ తెచ్చి నడవలో పోసింది, ఈసారి ఎవరూ కాదనలేని పాత బట్టలు. ఈతచాప ఒకటి ఒంటికి బిగించుకుని, మధ్యలో గట్టిగా నిలబడింది.

"ఏవండీ, కత్తెర తీసుకోండి. జిగురుకి బెల్లం ఉంది," అంది. "ముక్కు దగ్గర మాత్రం వేలెడు సందు వదలండి."

మర్నాడు మధ్యాహ్నం ఊళ్ళో ఆటోని పిలిచారు. గవర్రాజు చెమటలు కక్కుతూ బొమ్మని ఎక్కించి అడ్డంగా పడుకోబెట్టాడు. చూసినవాళ్ళంతా నవ్వారు. గవర్రాజు వాళ్ళందరికీ గౌరవంగా నమస్కారం పెట్టాడు.

"ఈ బొమ్మని ఎక్కడ దింపాలండీ?" అని ఆటోవాడు ఇంజను తిప్పుతూ అడిగాడు.

గవర్రాజు నోరు తెరిచేలోపలే బొమ్మ జవాబు చెప్పింది. "మునగపాలెంలో మా కోడలి వంటింటి పక్కన. కాస్త నిదానంగా పోనియ్యి నాయనా, నేనింకా ఆరలేదు."